తాళంచెవులు ఎవరి కొంగున ఉన్నాయి?

వెబ్‌సైటు పెట్టుకున్న ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసిన పాస్‌వర్డుల సంగతులు

బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో మగవాళ్ళకి తెలియకపోవచ్చుగానీ మనకి తెలియకుండా ఉంటుందా? ట్రంకుపెట్టె తాళం, ధాన్యం గది తాళం, అటకమీద పెట్టె తాళం... అర్ధరాత్రి లేపి అడిగినా ఠక్కున చెప్పేస్తాం. అదే, "మీ పేరుతో నడుస్తున్న వెబ్‌సైటు తాళం ఎక్కడుందమ్మా?" అని అడిగితే మాత్రం నసుగుతాం. "మా మరిది చూసుకుంటాడండీ", "బాబు హైదరాబాదులో ఉన్నాడు, వాడికే తెలుసు", "చేసిపెట్టిన అబ్బాయి దగ్గరుంది" అంటాం. రుచి మనది, చెమట మనది, పేరు మనది. తాళం మాత్రం ఇంకొకరిది!

ఇప్పుడు ఇంట్లో అప్పడాలు ఒత్తేవాళ్ళు, జాకెట్లు కుట్టేవాళ్ళు, మగ్గం వర్కు చేసేవాళ్ళు కూడా సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకుంటున్నారు. సంతోషమే. కానీ దుకాణం తెరవడం నేర్చుకున్నంత శ్రద్ధగా తాళం వేయడం, అవసరమైనప్పుడు తాళం మార్చడం నేర్చుకోవడం లేదు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుంటే చాలు.

జుక్కల్‌లో ఒక అక్క అనుకుందాం...

కామారెడ్డి జిల్లాలో ఒక కొసన ఉంటుంది జుక్కల్. కామారెడ్డి, ఎల్లారెడ్డి దాటి ఇంకా అవతలకి పోవాలి. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక. అంగట్లో నిలబడితే తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ చెవిన పడతాయి. దగ్గర్లోనే కౌలాస్ కోట. అలాంటి చోట ఒక అక్క జొన్నరొట్టెలు, కారప్పొడులు, అప్పడాలు చేసి అమ్ముతోందని ఊహించుకోండి. దెగ్లూరు నుంచి, బీదరు నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. తెలిసిన కుర్రాడొకడు నాలుగైదు వేలు తీసుకుని వెబ్‌సైటు చేసిపెట్టాడు. రెండేళ్ళు బాగానే నడిచింది. సరిగ్గా పండగముందు ఒకరోజు పొద్దున చూస్తే సైటు లేదు! అక్క కంగారుగా ఫోను చేసింది.

"తమ్మీ, దుకాణం తెరుచుకుంటలేదని గిరాకీలంత ఫోన్లు చేస్తున్నరు. ఏమైందిరా?"

"అక్కా, నేను పుణె వచ్చి ఏడాదైతున్నది. అప్పటి మెయిలు బందైంది. పాస్‌వర్డు యాదికి లేదక్కా."

ఆ కుర్రాడు దొంగేం కాదు. మోసమూ చెయ్యలేదు. అద్దె గడువు అయిపోతోందని కంపెనీవాళ్ళు పంపిన ఉత్తరాలన్నీ అతని పాత మెయిలుకు పోయాయి. అక్కడ చూసే దిక్కు లేదు. తప్పల్లా ఒకటే. తాళంచెవి ఉండవలసిన చేతిలో లేదు.

ఇది ఊహించి చెప్పిన కథేగానీ, ఇలా జరగడానికి జుక్కలే కానక్కరలేదు. తెనాలిలో జరగొచ్చు, న్యూజెర్సీలో ఉన్న మన ఆడపడుచుకూ జరగొచ్చు.

ఒక ఇంటికి ఆరు తాళాలు

కొండమీది కోటల్లో ఒక ద్వారం దాటితే మరో ద్వారం ఎదురవుతుంది. వెబ్‌సైటూ అంతే. "పాస్‌వర్డు" అని ఒక్కమాటలో అనేస్తాంగానీ నిజానికి తాళాలు చాలా ఉంటాయి. ఏది దేనిదో ముందు తెలుసుకోండి.

మొదటిది మీ మెయిలు తాళం. ఇది తల్లి తాళం. మిగతా ఏ పాస్‌వర్డు మర్చిపోయినా, కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది ఈ మెయిలుకే. ఇది ఎవరి చేతిలో ఉంటే మిగతావన్నీ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

రెండోది పేరు తాళం. డాట్ కామ్, డాట్ ఇన్ అని చివర ఉండే మీ సైటు పేరును డొమైన్ అంటారు. ఇది గుమ్మం మీది పేరుపలక లాంటిది. గడువు పెట్టి నమోదు చేయించుకోవాలి, గడువు తీరకముందే మళ్ళీ డబ్బు కట్టాలి. నమోదు కాగితంలో 'రిజిస్ట్రెంట్' అన్నచోట ఎవరి పేరుంటే పేరుపలక వాళ్ళదే. అక్కడ మీ పేరే ఉందా? ఈ ఒక్క విషయం ఇవాళే చూసుకోండి.

మూడోది స్థలం తాళం. ఇదే హోస్టింగ్ ఖాతా. మీ బొమ్మలు, ధరలు, రాతలు దాచుకోవడానికి అద్దెకు తీసుకున్న గది ఇది. బిల్లులు, రసీదులు, గడువు తేదీలు ఈ ఖాతాలోనే కనిపిస్తాయి. డొమైనూ హోస్టింగూ ఒకే కంపెనీలో తీసుకుంటే రెండింటికీ ఒకే తాళం ఉంటుంది.

నాలుగోది కంట్రోల్ ప్యానెల్ తాళం. చాలాచోట్ల దీన్ని సీప్యానెల్ అంటారు. గది లోపల ఏ సామాను ఎక్కడ పెట్టాలో, ఏ మెయిలు ఎవరికివ్వాలో ఇక్కడే నిర్ణయించేది. దీనితోపాటే ఎఫ్‌టీపీ అనే పెరటి తలుపు ఒకటుంటుంది. ఫైళ్ళు లోపలికి చేరవెయ్యడానికి వాడతారు. సైటు చేసిన అబ్బాయి తన సౌకర్యం కోసం పెట్టుకున్న పెరటి తలుపు ఇప్పటికీ తెరిచే ఉందేమో!

ఐదోది గల్లాపెట్టె తాళం. వర్డ్‌ప్రెస్ లాంటి దానితో సైటు కట్టి ఉంటే రోజూ ధరలు మార్చడానికి, ఆర్డర్లు చూడ్డానికి లోపలికి వెళ్ళే తాళం ఇదే. మనవాళ్ళలో ఎక్కువమంది పాస్‌వర్డు అనుకునేది దీన్నే. ఇది మారిస్తే అన్నీ మారినట్టు అనుకుంటారు. కాదు!

ఆరోది డేటాబేసు తాళం. గాదెలో ధాన్యంలాగా మీ సరుకుల జాబితా, కొన్నవాళ్ళ పేర్లు, చిరునామాలు అన్నీ ఇందులో ఉంటాయి. దీనితో మనకి రోజూ పనిపడదు. కానీ ఉన్నదని తెలిసుండాలి.

తాళం పోతే ఏమవుతుంది?

"మన రొట్టెల సైటు ఎవడికి కావాలిలే!" అనుకోకండి. దొంగకు కావలసింది మీ రొట్టెలు కాదు. మీ సైటు పేరుమీద దొంగ మెయిళ్ళు పంపడం, మీ గుమ్మంలోంచి జనాన్ని మోసపు పేజీలకు మళ్ళించడం, మీ దగ్గర కొన్నవాళ్ళ ఫోను నంబర్లు ఎత్తుకుపోవడం... అవీ వాడి పనులు. మీ క్యూఆర్ కోడు తీసేసి తన కోడు పెట్టాడనుకోండి. సరుకు మీరు పంపాలి, డబ్బు వాడికి పోవాలి!

పెద్దపెద్దవాళ్ళకే తప్పలేదు. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 చివర మొదలైన ఈ యాప్‌లో ఆపదలో ఉన్న ఆడవాళ్ళు పోలీసులకు కబురు చేసే ఏర్పాటు కూడా ఉంది. 2024లో దాని సమాచారం బయటికి పొక్కింది. ఆ జూన్ నెలలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి పట్టుకున్నారు. పాస్‌వర్డు బలహీనంగా ఉండటమో, ఎవరి చేతికో చిక్కడమో కారణమై ఉండొచ్చని పోలీసు పెద్దలే మొదట్లో చెప్పారు. చూశారా, రక్షణ కోసం కట్టిన ఇంటికి కూడా తాళం గట్టిగా ఉండాల్సిందే!

ఇక అద్దె గది ఇచ్చే కంపెనీల సంగతి. 2015లో 000వెబ్‌హోస్ట్ అనే ఉచిత హోస్టింగ్ కంపెనీ నుంచి కోటీ ముప్ఫై లక్షలకు పైగా ఖాతాదారుల వివరాలు బయటపడ్డాయి. వాళ్ళ పాస్‌వర్డులు ఏ ముసుగూ లేకుండా, చదవడానికి వీలుగా ఉన్నాయి. 2021లో గోడాడీ అనే పెద్ద కంపెనీలో ఇంకో సంగతి. ఎవరో ఒక దొంగ పాస్‌వర్డుతో సెప్టెంబర్ 6న లోపలికి దూరారు. కంపెనీవాళ్ళు కనిపెట్టింది నవంబర్ 17న. అంటే రెండు నెలలు దాటాక! వర్డ్‌ప్రెస్ సైట్లు పెట్టుకున్న 12 లక్షలమంది దాకా ఖాతాదారుల మెయిలు చిరునామాలు బయటపడ్డాయి. మొదట సైటు కట్టినప్పుడు ఇచ్చిన పాస్‌వర్డులు, పెరటి తలుపు తాళాలు, గాదె తాళాలు కూడా పోయాయి.

ఇందులో మనం గమనించాల్సింది ఏమిటంటే, తాళం పోగొట్టింది ఖాతాదారులు కాదు. అయినా ఇబ్బంది పడేది వాళ్ళే. అదే పాస్‌వర్డు మెయిలుకీ, బ్యాంకుకీ కూడా పెట్టుకున్న వాళ్ళ గతేమిటి? ఒకచోట పోయిన తాళంచెవి పట్టుకుని దొంగ ఊరంతా తిరిగి ప్రతి తలుపుకీ పెట్టిచూస్తాడు. అంచేత ఒక తలుపుకి ఒకే తాళం. అన్నింటికీ ఒకటే పాస్‌వర్డు అంటే, అన్ని గదులకీ ఒకే తాళంచెవి చేయించి దానికి కాపీలు తీసి పంచిపెట్టినట్టే.

ఎప్పుడు మార్చాలి?

"మూడు నెలలకోసారి మార్చాలటగా?" అని చాలామంది అడుగుతారు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? 2003లో అమెరికాలోని ఎన్‌ఐఎస్‌టీ అనే ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఆయన పాస్‌వర్డుల మీద సలహాలు రాశారు. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలి, తరచూ మార్చాలి అనే మాట అక్కడినుంచే ప్రపంచమంతా పాకింది. తీరా జరిగిందేమిటంటే, జనం చివరి అంకె ఒకటి రెండు చేసి, రెండు మూడు చేసి సరిపెట్టుకున్నారు. దొంగలకి ఆ ఉపాయం తెలియదా! 2017లో ఆ సంస్థే తన సలహాను మార్చుకుంది. తాను రాసినదానిలో చాలాభాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని బర్ గారే ఆ ఏడాది ఒక పత్రికకు చెప్పారు. 2025లో వచ్చిన కొత్త నియమాల్లో అయితే, క్యాలెండరు చూసి మార్పించవద్దని ఖచ్చితంగా చెప్పేశారు.

అంటే మార్చనే వద్దనా? కాదు. క్యాలెండరు చూసి కాదు, సందర్భం చూసి మార్చాలి. ఇల్లు మారినప్పుడు, పనిమనిషి మారినప్పుడు తాళం మారుస్తాంగా! అలాగన్నమాట.

సైటు చేసిన మనిషి పని ముగించి వెళ్ళిపోయినప్పుడు మార్చండి. సహాయానికి పెట్టుకున్న అమ్మాయి మానేసినప్పుడు మార్చండి. ఫోను పోయినప్పుడు, రిపేరుకిచ్చినప్పుడు, నెట్‌సెంటరులోనో జిరాక్సు షాపులోనో కంప్యూటరు మీద పాస్‌వర్డు కొట్టినప్పుడు మార్చండి. ఎవరికైనా వాట్సాప్‌లో పాస్‌వర్డు పంపి ఉంటే మార్చండి. కంపెనీలో దొంగతనం జరిగిందని వార్త వచ్చినప్పుడు, మీకు తెలియకుండా ఎవరో లోపలికి వచ్చినట్టు మెయిలు వచ్చినప్పుడు మాత్రం ఆ పూటే మార్చండి. సంసారంలో చిక్కులొచ్చి వేరుపడాల్సి వచ్చిన ఆడవాళ్ళు కూడా బ్యాంకు పాసుబుక్కుతోపాటు ఈ తాళాల సంగతీ గుర్తుపెట్టుకోవాలి. అది బతుకుతెరువు మరి.

గట్టి పాస్‌వర్డు ఎలా?

పిల్లాడి పేరు, పుట్టినతేదీ, ఊరిపేరు, బండి నంబరు... ఇవేవీ పనికిరావు. పెళ్ళి శుభలేఖ చూసినవాళ్ళంతా కనిపెట్టేస్తారు. గుర్తులు గుప్పించడం కంటే పొడవు పెంచడం మేలు.

ఒక చిన్న లెక్క చూడండి. 26 ఇంగ్లీషు చిన్నక్షరాల్లోంచి ఏవో 8 అక్షరాలు పేర్చితే సుమారు 20,882 కోట్ల రకాలు వస్తాయి. అబ్బో అనిపిస్తుంది కదూ? క్షణానికి వందకోట్లు ప్రయత్నించే యంత్రం ఉంటే అవన్నీ మూడున్నర నిమిషాల్లో అయిపోతాయి. బియ్యం ఏరేలోపు! అదే 15 అక్షరాలైతే ఆ యంత్రానికే యాభైవేల ఏళ్ళు దాటి పడుతుంది. పాస్‌వర్డు ఒక్కటే కాపలా ఉన్నచోట 15 అక్షరాలకు తగ్గకూడదని 2025 నియమాలు చెప్పేదీ అందుకే.

గుర్తుండేలా కావాలంటే ఒక చిట్కా. ఈ పత్రికనే కళ్ళు మూసుకుని ఆరుచోట్ల తెరవండి. వేలు పడినచోట ఉన్న మాటను తీసుకోండి. ఒకదానితో ఒకటి పొంతన లేని ఆరు మాటలు వస్తాయి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో గీత పెట్టి రాసుకోండి. మీకు నచ్చిన మాటలు మీరే ఏరుకోవద్దు. నచ్చినవి ఎంచుకుంటే మన ఇష్టాలు తెలిసినవాళ్ళు ఊహించగలరు. పాటల పల్లవులు, సామెతలు, పద్యపాదాలు కూడా వద్దు. అవి అందరికీ తెలిసినవే కదా!

ఇలాంటివి రెండు కంఠతా వస్తే చాలు. ఒకటి మీ మెయిలుకి, రెండోది పాస్‌వర్డు మేనేజరుకి. మేనేజరంటే తాళాల గుత్తి పెట్టుకునే డిజిటల్ పెట్టె. ఇప్పటి ఫోన్లలో గూగుల్ వాళ్ళదో, యాపిల్ వాళ్ళదో వస్తూనే ఉంది. మిగతా పాస్‌వర్డులు అదే తయారుచేస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఫోనుకు గట్టి స్క్రీన్‌లాకు ఉండాలి సుమా!

తాళం మార్చే విధానం

వంటకంలాగే దీనికీ ఒక వరస ఉంది. వరస తప్పితే మాడుతుంది!

కావలసినవి: గంటన్నర తీరిక, మీ సొంత ఫోనుగానీ ఇంటి కంప్యూటరుగానీ, ఒక కొత్త నోటుపుస్తకం, సైటుకి తాజా బ్యాకప్ కాపీ ఒకటి. ఆర్డర్లు తక్కువగా వచ్చే రోజు చూసుకోండి. పండగముందు ఈ పని పెట్టుకోవద్దు.

1. ముందుగా మెయిలు పాస్‌వర్డు మార్చండి. తల్లి తాళం పాతదే ఉంచి పిల్ల తాళాలు మార్చి ప్రయోజనం లేదు. అక్కడే 'రికవరీ' ఫోను నంబరు ఎవరిదుందో చూడండి. ఎప్పుడో వదిలేసిన సిమ్ము నంబరు ఉంటే వెంటనే తీసెయ్యండి. వాడకుండా మూడు నెలలు దాటిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపెయ్యొచ్చు. తర్వాత అది ఇంకొకరికి వెళ్ళొచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్ళ ఫోనులో మోగుతుంది!

2. తర్వాత డొమైను, హోస్టింగ్ ఖాతాలు. కంపెనీ చిరునామా మీరే స్వయంగా టైపుచేసి లోపలికి వెళ్ళండి. మెయిల్లో వచ్చిన లింకు నొక్కి మాత్రం వద్దు. ఖాతా వివరాల్లో 'సెక్యూరిటీ' అనే చోట పాస్‌వర్డు మార్చే వీలుంటుంది. పాతది ఒకసారి, కొత్తది రెండుసార్లు అడుగుతుంది. అలాగే ఖాతాదారు పేరు, మెయిలు, ఫోను మీవేనా అని చూసి సరిచెయ్యండి.

3. అక్కడే రెండంచెల తాళం పెట్టండి. పాస్‌వర్డు కొట్టాక ఫోనులో వచ్చే అంకెలు కూడా కొడితేగానీ తలుపు తెరుచుకోదు. మెసేజి ద్వారా వచ్చే ఓటీపీ కంటే అథెంటికేటర్ యాప్ మేలు. సిగ్నలు లేని చోట కూడా అది అంకెలు చూపిస్తుంది. ఇది పెట్టేటప్పుడు 'బ్యాకప్ కోడ్లు' ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి బీరువాలో నగలపెట్టెలో పెట్టండి. ఫోను పోయినరోజు అవే దిక్కు.

4. సీప్యానెల్లోకి వెళ్ళి దాని పాస్‌వర్డు మార్చండి. ఎఫ్‌టీపీ ఖాతాల జాబితా తెరిచి, ఎవరివో తెలియనివి తొలగించండి. మీ సైటు పేరుతో మెయిళ్ళు ఉంటే వాటి పాస్‌వర్డులు కూడా మార్చండి. మార్చాక ఫోనులో మెయిలు ఆగిపోతే కంగారుపడకండి. అది కొత్త తాళం అడుగుతోందంతే.

5. వర్డ్‌ప్రెస్ లోపల 'యూజర్స్' జాబితా చూడండి. అందరికీ అడ్మినిస్ట్రేటరు హోదా ఎందుకు? మీకు తెలియని పేరుంటే తొలగించండి. మీ ప్రొఫైల్లో కొత్త పాస్‌వర్డు పెట్టి, మిగతా అన్నిచోట్లా లాగవుట్ చేసే బటను నొక్కండి. ఈ మెట్టు మరిచిపోతే పాతవాళ్ళు లోపలే కూర్చునుండొచ్చు.

6. చివరగా డేటాబేసు. ఇది ఒక్కచోట మారిస్తే చాలదు. సైటు ఫైళ్ళలో ఒక అమరిక ఫైలుంటుంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే దాన్ని డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అంటారు. కొత్త పాస్‌వర్డు అక్కడ కూడా రాయాలి. రాయకపోతే సైటు తెరుచుకోక, డేటాబేసుతో సంబంధం కుదరలేదనే సందేశం వస్తుంది. చెయ్యి తిరగనివాళ్ళు ఈ ఒక్క మెట్టుకి తెలిసినవాళ్ళ సాయం తీసుకోండి. వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, మీరు చూస్తుండగా చేయించండి.

అన్నీ అయ్యాక వేరే ఫోనునుంచి సైటు తెరిచి, ఒక ఆర్డరు మీరే పెట్టి చూసుకోండి. కూర ఉప్పు చూసినట్టు!

ఎక్కడ దాచాలి?

"రాసి పెట్టుకోవచ్చా?" అన్నది పెద్ద సందేహం. నిక్షేపంగా రాసుకోవచ్చు. బ్రూస్ ష్నయర్ అనే పేరున్న భద్రతా నిపుణుడు 2005లోనే ఈ మాట చెప్పారు. గుర్తుండే తేలిక పాస్‌వర్డు కంటే, గట్టిది పెట్టి కాగితం మీద రాసుకుని డబ్బులాగా భద్రం చేసుకోవడం నయమన్నారు. కాగితాన్ని ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ ఎత్తుకుపోలేడు కదా!

అయితే గోడ క్యాలెండరు వెనక, ఫ్రిజ్ తలుపు మీద, ఫోను కవరు లోపల రాయకండి. నోటుపుస్తకంలో ప్రతి ఖాతాకి ఒక పేజీ కేటాయించండి. కంపెనీ పేరు, ఏ మెయిలుతో తెరిచారు, గడువు తేదీ, ఏటా ఎంత కట్టాలి, పాస్‌వర్డు ఎప్పుడు మార్చారు... ఇవన్నీ రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో నమ్మకమైన మనిషి ఒకరికి తెలిసుండాలి. కష్టం సుఖం చెప్పి రాదు. మీకు ఒంట్లో బాగాలేక పది రోజులు ఆస్పత్రిలో ఉంటే దుకాణం మూతపడకూడదు.

గడువు తేదీని మాత్రం పాలలెక్క రాసే క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసేసుకోండి. అది రహస్యం కాదు. డాట్ కామ్ పేరు గడువు దాటి తొలగించే దశకు వస్తే, ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న మంచిపేరు పోయినట్టే.

మీ సందేహాలు

ప్రశ్న: మావారికి, పిల్లలకి పాస్‌వర్డు చెప్పకపోతే నమ్మకం లేదనుకోరూ?

జవాబు: నమ్మకానికీ దీనికీ ముడిపెట్టకండి. సాయం చేసేవాళ్ళకి మీ తాళం ఇవ్వక్కరలేదు, వాళ్ళకి వేరే తాళం చేయించి ఇవ్వండి. వర్డ్‌ప్రెస్‌లో ఎవరి పేరున వాళ్ళకి వేరే లాగిన్ ఇచ్చి, ఎంతపని చెయ్యగలరో అంతే అధికారం ఇవ్వొచ్చు. చాలా హోస్టింగ్ కంపెనీల్లోనూ ఇలాంటి వీలుంది. రేపు ఏదైనా పొరపాటు జరిగితే ఎవరి చేతిమీద జరిగిందో తెలుస్తుంది. అనవసరంగా ఒకరినొకరు అనుమానించుకునే బాధ తప్పుతుంది.

ప్రశ్న: "మీ హోస్టింగ్ ఇవాళ రాత్రికి ఆగిపోతుంది, వెంటనే పాస్‌వర్డు సరిచూసుకోండి" అని మెయిలు వచ్చింది. ఏం చెయ్యాలి?

జవాబు: తొందరపెట్టే ఉత్తరాన్ని ముందు అనుమానించాలి. లింకు నొక్కకుండా, కంపెనీ సైటుకి మీరే వెళ్ళి చూసుకోండి. నిజంగా బాకీ ఉంటే లోపల కనిపిస్తుంది. ఫోనుచేసి పాస్‌వర్డు, ఓటీపీ అడిగేవాళ్ళకి ఏ భాషలో అడిగినా చెప్పొద్దు. మర్యాదగా పెట్టేయండి.

ప్రశ్న: సైటు చేసిన మనిషి పాస్‌వర్డు ఇవ్వనంటున్నాడు. దారేమిటి?

జవాబు: ముందు మీరు కట్టిన డబ్బు రసీదులు, మాట్లాడుకున్న మెసేజీలు జాగ్రత్త చేయండి. ఖాతా మీ పేరునే ఉంటే కంపెనీవాళ్ళకి గుర్తింపు కాగితాలు చూపించి తిరిగి పొందొచ్చు. అతని పేరున ఉంటేనే చిక్కు. అందుకే సైటు కట్టించుకునే రోజునే, మీ మెయిలుతో, మీ ఎదురుగా, మీ పేరున ఖాతా తెరిపించుకోండి. డబ్బు మీ చేత్తోనే కట్టండి.

ప్రశ్న: దొంగ లోపలికి వచ్చాడని తెలిస్తే?

జవాబు: పైన చెప్పిన వరసలోనే తాళాలన్నీ మార్చండి. హోస్టింగ్ కంపెనీకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చేయండి, బ్యాంకుకీ చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇంకొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. "ఆడవాళ్ళం, మనకెందుకీ పోలీసు గొడవ" అని ఊరుకోకండి. మీ దగ్గర కొన్నవాళ్ళకి కూడా ఒకమాట చెప్పి జాగ్రత్తపడమనడం మన ధర్మం.

పొదుపు సంఘాల అక్కాచెల్లెళ్ళకి ఒకమాట. సంఘం పేరున సైటు ఉంటే తాళం ఒక్కరి దగ్గరే ఉంచకండి. నోటుపుస్తకం సంఘం పెట్టెలో పెట్టండి. లీడరు మారిన రోజున తీర్మానం పుస్తకంలో సంతకాలతోపాటు పాస్‌వర్డులు కూడా మార్చినట్టు ఒక వరస రాసుకోండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఒక కాగితం తీసుకుని పైన చెప్పిన ఆరు తాళాలూ రాయండి. ఒక్కోదాని ఎదురుగా అది ఎవరి దగ్గరుందో రాయండి. "నా దగ్గర" అని రాయలేకపోయిన వరసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఆ వరసల్లో ఉన్నవాళ్ళకి సోమవారం పొద్దున్నే ఫోను చేయండి.